వాన లేకుండానే రేకుల నుంచి బొట్లు పడుతుంటే ఏం చేయాలి

"వాన పడలేదు, ట్యాంకు పొంగలేదు. అయినా పొద్దున్న లేచేసరికి రేకుల కింద గచ్చంతా తడి." కార్తీకం దాటిందంటే చాలు, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కొందరు పైకప్పు కారుతోందనుకుని స్క్రూలన్నిటికీ సీలెంట్ రాయిస్తారు. కొందరు ఏకంగా ఫాల్స్ సీలింగ్ కొట్టిస్తారు. కొన్నాళ్లకు ఆ సీలింగ్ మీదే పసుపు మరకలు తేలతాయి.

ఇంటి వెనక దొడ్డివైపో, డాబా మీదో గోడకు ఆనించి దింపుకున్న రేకుల వసారాల కోసం రాస్తున్నాను. మొదట బట్టలు ఉతుక్కోవడానికని నాలుగు పైపులు నిలబెట్టి రేకులు వేస్తాం. తర్వాత అందులోకి వాషింగ్ మెషీన్ వస్తుంది, గ్యాస్ పొయ్యి వస్తుంది, చుట్టూ గోడ లేస్తుంది, చివరికి చదువుకునే పిల్లాడి మంచం కూడా అక్కడికే చేరుతుంది. చాలా ఇళ్లలో గోడ లేచిన ఏడాదే బొట్ల గొడవ మొదలవుతుంది.

ఆ నీళ్లలో ఎక్కువ భాగం మీ ఇంట్లో పుట్టినవే. కాబట్టి ముందు ఆవిరి తగ్గించాలి, తర్వాత మిగిలినదాన్ని బయటకు పంపాలి, ఆ రెండూ అయ్యాకే రేకు సంగతి చూడాలి. ఈ వరుస తప్పితే డబ్బు దండగ.

ఎందుకు ఇలా అవుతుంది

చలికాలంలో మబ్బు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. లోపలి గాలిలోని ఆవిరి దాన్ని తాకి నీరవుతుంది. ఐసు నీళ్ల గ్లాసుకు బయట చెమట పట్టినట్టే. గదిలో 22 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే, 18 డిగ్రీల దగ్గరికి దిగిన ఏ వస్తువుకైనా చెమట పడుతుంది. అదే తేమ 60 శాతానికి తగ్గితే, వస్తువు 14 డిగ్రీల దాకా చల్లబడితే గానీ నీరు చేరదు. ఆ నాలుగు డిగ్రీల తేడాలోనే మన పని సగం అయిపోతుంది.

పెంకుటింట్లో ఈ బాధ తక్కువ. పెంకుల సందుల్లో గాలి ఆడుతుంది, పెంకు కూడా కాస్త తడిని పీల్చుకుంటుంది. సిమెంటు రేకు కొంత నయం. జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు), కలర్ రేకు మాత్రం చుక్క కూడా పీల్చవు.

కావలసినవి

- తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. మూడు నాలుగు వందలకు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది
- పాత దినపత్రికలు, పెన్ను
- అల్యూమినియం ఫాయిల్, అల్యూమినియం టేపు
- గార్డెన్ పైపు
- దోమల జాలీ
- 9 లేదా 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను (వంట, ఉతుకుడు, స్నానం ఆ గదిలోనే అయితే)
- చివరి దశకు చేరితే ఒకవైపు ఫాయిల్ ఉన్న ఎక్స్‌ఎల్‌పీఈ ఫోము (వేడిని, చలిని ఆపే మెత్తటి ప్లాస్టిక్ పరుపు), 10 మిల్లీమీటర్లు లేదా అంతకంటే మందం. బిగించడానికి అల్యూమినియం పట్టీలు

ఫోము ఇప్పుడే కొనకండి. చాలామందికి నాలుగో మెట్టు దాటాక దాని అవసరమే ఉండదు.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

ఇనుప పైపులు, ఇనుప రేకులు, కారే నీళ్లు, వాటి పక్కనే కరెంటు వైరు. ఇది ప్రాణాంతకమైన కలయిక. వైరు ఒకచోట ఒరుసుకుని తోలు లేచిందంటే షెడ్డు మొత్తానికి కరెంటు పాకుతుంది. బట్టలారేసే జీఐ తీగ అదే పైపుకు కట్టి ఉంటే తడి చీర పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. ట్యూబ్‌లైటు పట్టీ మీద, స్విచ్‌బోర్డు మీద బొట్లు పడుతుంటే ముందు ఆ లైనుకు ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. షెడ్డు ఫ్రేముకు ఎర్తింగ్, ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోండి. జీఐ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకోండి. ఆ తర్వాతే మిగతాది.

1. కారుడా, చెమటా తేల్చుకోండి

పొరపాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి, అందుకని దీనికి కాస్త టైమ్ ఇవ్వండి.

రాత్రి పడుకునే ముందు గచ్చు మీద పాత పేపర్లు పరచండి. పొద్దున్నే తడి చుక్కల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, తేదీ రాసి, పేపర్లు ఆరబెట్టి దాచండి. మూడు నాలుగు రాత్రులు ఇలా చేస్తే మీ కప్పుకు ఒక మ్యాపు తయారవుతుంది. చుక్కలు గదంతా చెదిరి ఉంటే చెమట. ఒకటి రెండు చోట్లే, ప్రతిసారీ అక్కడే పడుతుంటే కారుడు అయ్యుండొచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. చుక్కలన్నీ పైపుల కింద వరుసగా పడుతుంటే, "అదిగో, స్క్రూల దగ్గరే కారుతోంది" అంటారు షెడ్డు వేసినవాళ్లు. తొందరపడకండి. చెమట నీరు రేకు అడుగున వాలు వెంట జారుతూ వచ్చి, అడ్డంగా ఉన్న బాక్స్ పైపు తగలగానే అక్కడ ఆగి బొట్టు కడుతుంది. స్క్రూలు కూడా ఆ పైపులోకే దిగి ఉంటాయి కాబట్టి నేరం వాటి మీద పడుతుంది.

తేల్చడానికి నీళ్ల పరీక్ష చేయండి. రేకు అడుగు పూర్తిగా ఆరిపోయిన మధ్యాహ్నం వేళ గార్డెన్ పైపుతో రేకుల మీద నీళ్లు పట్టించండి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి, వరుసకు పది నిమిషాల చొప్పున పైకి వెళ్లాలి. చివరగా రేకు గోడను కలిసే చోట. లోపల ఒక మనిషిని నిలబెట్టి చూస్తుండమనండి. ఎక్కడా చుక్క రాకపోతే మీది చెమటే. వస్తే, ఏ వరుసకు నీళ్లు పెట్టినప్పుడు వచ్చిందో అక్కడే రబ్బరు వాషరో, గోడ మూలన ఫ్లాషింగో (గోడకూ రేకుకూ మధ్య సందును కప్పే పట్టీ) పోయింది. ముందు అది బాగు చేయించండి. రెండూ కలిసి ఉండే ఇళ్లు కూడా తక్కువేమీ కాదు.

నిచ్చెన మీద నిలబడి చేయగలిగితే రేకు మీదికి ఎక్కకండి. ఎక్కక తప్పకపోతే స్క్రూల వరుస మీదే, అంటే కింద పైపు ఉన్న చోటే, అడుగు వేయాలి. తెల్లవారుజామున అసలు వద్దు. మంచు పట్టిన కలర్ రేకు మీద చెప్పు నిలవదు. సిమెంటు రేకుల మీదికి ఎప్పుడూ ఎక్కొద్దు, విరిగి కిందపడతారు.

గచ్చు కూడా చెమ్మగా ఉంటే ఇంకో చిన్న పరీక్ష. అడుగు చదరం ఫాయిల్ ముక్కను గచ్చుకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. ఫాయిల్ పైన తడి ఉంటే గాలిలోని తేమ. అడుగున తడి ఉంటే నేలలోంచి వస్తున్న నెమ్ము, దానికి మందు వేరు. ఇదే పరీక్ష గోడకూ పనికొస్తుంది.

2. తేమ ఎంతుందో కొలవండి

హైగ్రోమీటర్ కొన్నాక ఒకసారి సరిచూసుకోండి, చవక వాటిలో తేడాలు ఉంటాయి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలపండి. ఆ మూతను, మీటరును ఒక జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి ఏడెనిమిది గంటలు వదిలేయండి. మీటరు 75 శాతం చూపాలి. 70 చూపిస్తే, ఇకనుంచి వచ్చిన ప్రతి అంకెకూ 5 కలుపుకోండి.

తర్వాత మీటరును గది మధ్యలో ఛాతీ ఎత్తున పెట్టండి. పొయ్యి పక్కన, కిటికీలో వద్దు. రాత్రి పడుకునే ముందు, పొద్దున్న లేవగానే అంకె రాసుకోండి. పొద్దున్న రేకుల గది అంకెతో పాటు బయటి అంకె కూడా రాయండి, అది చాలా కథ చెబుతుంది. మీ గదిలో 85, బయట 70 ఉందంటే తేమ లోపలే పుడుతోంది. బయటే 95 ఉందంటే ఆ రాత్రి గాలే తడిగా ఉంది. మీటరు లేనివాళ్లు పక్కింటి కారు షెడ్డు చూడండి. గోడలే లేని ఆ షెడ్డు రేకులకు కూడా అదే పొద్దున చెమట పట్టి ఉంటే, ఆ రోజు తప్పు మీ వంటింటిది కాదు.

3. ఆవిరి ఎక్కడ పుడుతోందో వెతికి తగ్గించండి

గ్యాస్ మంట కూడా నీటి ఆవిరిని వదులుతుందని చాలామందికి తెలియదు. కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుంది. 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి 22 లీటర్ల దాకా నీరు. ఇడ్లీ పాత్ర మూతలోంచి వచ్చేది, అన్నం ఉడికేటప్పుడు వచ్చేది దీనికి అదనం. ఆ గదిలో పడుకునే ఒక్కో మనిషి ఊపిరితో, చెమటతో రాత్రికి పావు లీటరు పైనే వదులుతాడు. అరబకెట్ తడి బట్టలు లోపల ఆరేస్తే అవి పోగొట్టుకున్న నీరంతా నేరుగా రేకుకే చేరుతుంది.

కాబట్టి:

- బట్టలు లోపల ఆరేయకండి. తప్పకపోతే పగలే, ఫ్యాను వేసి, కిటికీలు తెరిచి. సాయంత్రం ఐదు దాటాక ఒక్క తడి తువ్వాలు కూడా లోపల ఉండకూడదు. ఈ ఒక్క మార్పుతోనే బొట్లు సగానికి తగ్గిన ఇళ్లు ఉన్నాయి.
- వేడినీళ్ల కాగుకు మూత పెట్టండి. కట్టెల పొయ్యి అయితే ఆరుబయటకు మార్చండి.
- రాత్రి వంట చలికాలంలో వీలైనంత పెందలాడే ముగించి, తర్వాత అరగంట గాలి ఆడనివ్వండి.
- రాత్రిపూట గచ్చు కడగొద్దు. తడిగుడ్డ పెట్టినా పొద్దున్నే పెట్టండి.
- వసారాలోకి బాత్రూం తలుపు తెరుచుకుంటే, స్నానం అయ్యాక ఆ తలుపు మూసి, బాత్రూం వెంటిలేటరు తెరవండి.
- గోడలు కొత్తగా కట్టి ప్లాస్టరింగ్ చేసి ఉంటే మొదటి చలికాలం బొట్లు ఎక్కువే ఉంటాయి. సిమెంటు పనిలో పోసిన నీరు ఆరడానికి నెలలు పడుతుంది. ఆ ఏడాది ఫోము, సీలింగ్ జోలికి పోకుండా గాలి మాత్రం ఆడించండి.

బీరువాల్లో పెట్టే తేమ పీల్చే డబ్బాలు తెచ్చి మూలమూలనా పెట్టేవాళ్లున్నారు. ఒక డబ్బా నిండేది కొన్ని వందల మిల్లీలీటర్లతో. పైన సిలిండరు లెక్క చూశాక మీరే చెప్పండి. బీరువాకైతే మంచివే.

4. గాలికి రెండు దారులు ఇవ్వండి

ఒక్క కిటికీ తెరిస్తే గాలి ఆడదు. కింద ఒక దారి, పైన ఒక దారి ఉండాలి. చల్లగాలి కిందనుంచి వచ్చి, వెచ్చని తడిగాలి పైనుంచి పోవాలి. వాలు వసారాలో వెచ్చని గాలి చేరేది గోడకు ఆనిన ఎత్తువైపు. అందుకని పై దారి ఆ వైపు పక్కగోడలో, రేకుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. కింది దారి పల్లపువైపు గోడలో నేలకు జానెడు ఎత్తున. రెండిటికీ దోమల జాలీ బిగించండి. పాము, ఎలుక భయం ఉంటే ఇనుప జాలీ.

ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే ఎత్తువైపే పెట్టండి. పొయ్యి వెలిగించేటప్పుడు ఆన్ చేసి, వంట దింపాక మరో పావుగంట తిరగనివ్వండి. వంట అవగానే టక్కున కట్టేయడం అందరికీ ఉన్న అలవాటు. అప్పటికి ఆవిరి ఇంకా కప్పు దగ్గరే ఉంటుంది.

ఫ్యాను నిజంగా లాగుతోందా? పొయ్యి ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, గ్యాస్ వాసన లేదని నిర్ధారించుకున్నాక, వెలిగించిన అగరుబత్తిని కింది దారి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగాలి. అక్కడే తారాడుతుంటే ఫ్యానుకు లాగడానికి గాలి చాలడం లేదని అర్థం. కింది జాలీ పెద్దది చేయండి. అదే అగరుబత్తిని ఇంటి తలుపు దగ్గర పట్టుకున్నప్పుడు పొగ వసారాలోకి వంగితే, ఫ్యాను ఇంట్లోని గాలిని లాగుతోంది. ఇంటి తలుపు మూసి మళ్లీ చూడండి.

గమనించండి: గ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. పొయ్యి, సిలిండరు ఉన్న గదిలో చలేస్తోందని కింది జాలీకి అట్టముక్క అడ్డం పెట్టొద్దు. అలాగే మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ గీజరు పెట్టొద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపు చలికి కుంపటి పెట్టుకునే ఇళ్లవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

కిటికీలు ఎప్పుడు తెరవాలి? బయటి అంకె లోపలి అంకె కంటే బాగా తక్కువ ఉంటే రాత్రంతా కిటికీలు తెరిచే ఉంచండి. బయట మంచు దట్టంగా కురుస్తుంటే రాత్రి కిటికీలు మూసి, ఎండెక్కాక, తొమ్మిది దాటాక బార్లా తెరవండి. పై జాలీ మాత్రం ఎప్పుడూ మూయొద్దు.

ఇక్కడితో ఆగి రెండు వారాలు చూడండి. పేపరు మ్యాపు మళ్లీ వేయండి. చుక్కలు నాలుగోవంతుకు తగ్గితే ఇక ఖర్చు పెట్టక్కర్లేదు.

5. ఇంకా పడుతుంటే రేకును వెచ్చగా ఉంచండి

దీనికి మూడు మార్గాలున్నాయి. చవకగా ఉన్నది ముందు చెబుతాను.

పైనుంచి కప్పడం: రేకుల మీద అడుగు ఎత్తున ఫ్రేము కట్టి ఆకుపచ్చ షేడ్ నెట్ బిగించండి. ఆకాశానికీ రేకుకూ మధ్య అడ్డు వస్తుంది కాబట్టి రాత్రి రేకు అంత చల్లబడదు. ఎండాకాలం వేడీ తగ్గుతుంది. ఊళ్లలో రేకుల మీద తాటాకులు, గడ్డి పరిచేది ఎండ కోసమే అయినా, చలికాలంలో ఇలా కూడా పనికొస్తుంది. పొయ్యి ఉన్న వసారా మీద గడ్డి, తాటాకు మాత్రం వద్దు, నిప్పురవ్వ చాలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు షేడ్ నెట్టే సరైనది. వెళ్లేటప్పుడు విప్పుకుని పోవచ్చు.

కిందినుంచి ఫోము: కింది మెట్టులో వివరంగా చెబుతాను.

రేకే మార్చడం: రెండు రేకుల మధ్య ఫోము ఉన్న పఫ్ ప్యానెళ్లు. రేకులు ఎలాగూ తుప్పుపట్టి మార్చాల్సి వస్తేనే వీటి గురించి ఆలోచించండి. బాగున్న రేకులు పీకించి ఇవి వేయించడం నాకైతే దుబారాగా కనిపిస్తుంది. అడుగున మెత్తటి ఫెల్ట్ అంటించిన రేకులు కూడా కొన్నిచోట్ల దొరుకుతాయి. రాత్రి చెమటను ఆ ఫెల్ట్ పట్టి ఉంచి పగలు ఆరుతుంది. కారు షెడ్డుకు, గొడౌనుకు బాగుంటాయి. రోజంతా ఆవిరి ఉండే వంటింటికి అవి ఆరే వ్యవధే దొరకదు.

6. ఫోము బిగించే పద్ధతి

చాలామంది ఫోమును నేరుగా రేకుకు అంటిస్తారు. రేకుకు గాడులు ఉంటాయి కాబట్టి ఫోము గట్ల మీదే అంటుకుని, గాడుల్లో సొరంగాలు మిగులుతాయి. తడిగాలి వాటిలోకి దూరి, పైన చెమర్చి, ఫోము వెనక నీరు చేరుతుంది. పైపులు కూడా బయటే ఉండిపోయి వాటికి చెమట పడుతుంది. అందుకని పైపుల కింద నుంచి ఒకే పరుపులా బిగించడం మేలు.

- ఎండ ఉన్న రోజు మధ్యాహ్నం మొదలుపెట్టండి. రేకు అడుగు, పైపులు పొడిగుడ్డతో తుడవండి. తుప్పు ఉంటే ముందు ఏడో మెట్టు చేయండి.
- ఫోము ఫాయిల్ వైపు కిందకు, గదివైపుకు ఉండాలి. ఆవిరిని ఆపేది ఆ ఫాయిలే.
- పల్లపు అంచు నుంచి ఎత్తువైపుకు పరుచుకుంటూ పోండి. ఒక ముక్క మీద ఇంకొకటి రెండు అంగుళాలు ఎక్కాలి. పట్టీలు పెట్టి పైపులకు స్క్రూలు బిగించండి. స్క్రూ దిగేచోట వైరు లేదని చూసుకోండి.
- ప్రతి అతుకు మీదా అల్యూమినియం టేపు వేసి, పాత గుడ్డతో గట్టిగా రుద్దండి. స్క్రూ తలల మీద కూడా చిన్న ముక్కలు.
- గోడ దగ్గర అంచును వదిలేయకండి. గోడ మీదికి రెండు అంగుళాలు దింపి అంటించండి. సున్నం గోడకు టేపు పట్టదు కాబట్టి అక్కడ సీలెంట్ వాడండి. పని చెడేది ఎక్కువగా ఈ అంచులోనే.
- లైటు కోసం కోసిన రంధ్రం చుట్టూ కూడా టేపు.
- పొయ్యికి నేరుగా పైన ఫోము వద్దు, అది మండుతుంది. అక్కడ మూడు నాలుగు అడుగుల మేర సిమెంట్ బోర్డు బిగించండి.

సిమెంటు రేకులైతే కోయడం, తొలచడం, గీకడం వద్దేవద్దు. వాటిలోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. స్క్రూలు పైపులకే బిగించాలి.

థర్మోకోల్ షీట్లు చవక అని అవే బిగిస్తారు. ముక్కకూ ముక్కకూ మధ్య సందు ఉంటే ఆవిరి ఆపవు, పైగా నిప్పు తగిలితే మంటతో కరిగి మీద పడతాయి. వద్దంటాను.

7. తుప్పు, బూజు

బాక్స్ పైపుల తుప్పును వైరు బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామిల్ రంగు వేయండి. జీఐ రేకు మీద మామూలు రంగు నేరుగా నిలవదు, పొరలు పొరలుగా లేస్తుంది. జీఐకి అని అడిగి ప్రైమర్ తీసుకోండి.

గోడ మీది నల్లబూజును పొడి చీపురుతో దులపకండి, ఇల్లంతా చెదురుతుంది. మాస్కు, గ్లౌజులు వేసుకుని, ఒక వంతు ద్రవ బ్లీచుకు పది వంతుల నీళ్లు కలిపి తడిగుడ్డతో తుడిచి, కాసేపటికి కడిగి ఆరబెట్టండి. బ్లీచును బాత్రూం యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. రేకు మీద, పైపుల మీద బ్లీచు వాడొద్దు, తుప్పు పడుతుంది. వాటికి సబ్బునీళ్లు చాలు.

తరచుగా జరిగే పొరపాట్లు

కూల్ రూఫ్ రంగు వేయిస్తే బొట్లు పోతాయా అని తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక ఎక్కువమంది అడుగుతున్నారు. పోవు. ఆ తెల్లరంగు పగటి ఎండకు మంచి మందు. రాత్రి మాత్రం అది వేడిని ఇంకా బాగా వదిలేస్తుంది, మెరిసే జీఐ రేకు కంటే ఆ రేకు ఎక్కువ చల్లబడుతుంది కూడా. ఎండ కోసం వేయించుకోండి, బొట్ల కోసం కాదు.

గోడకూ రేకుకూ మధ్య గాడుల సందును సిమెంటుతో పూడ్చడం ఇంకో పెద్ద తప్పు. గాలి దారి పోతుంది. రేకు అడుగున జారివచ్చే నీరు బయటకు పోలేక గోడలోకి దిగుతుంది. పైగా తడి సిమెంటు జీఐ పూతను తినేస్తుంది. పూడ్చి ఉంటే జాగ్రత్తగా తొలగించి జాలీ బిగించండి. రేకు చివర గోడ దాటి బయటకు కనీసం అరడుగు ఉండాలి.

సీలింగ్ ఫ్యాను వేస్తే బొట్లు కాస్త తగ్గినట్టు కనిపిస్తాయి. తేమ గదిలోనే తిరుగుతుంటుంది, ఎక్కడికీ పోదు.

కోస్తావాళ్లకు, ఏసీ ఉన్నవాళ్లకు

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల బయటి గాలే చాలా రోజులు తడిగా ఉంటుంది. అక్కడ కిటికీలు తెరిచినంత మాత్రాన మీటరు అంకె దిగదు. మూడో మెట్టు, ఫోము, ఈ రెండిటి మీదే ఆధారపడాలి.

వసారా పక్కగోడకు అవతల ఏసీ బెడ్రూం ఉంటే వానాకాలంలో వసారావైపు గోడకు చెమట పడుతుంది. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు వచ్చి గోడంతా గీకిస్తామంటారు. దానికి ముందు ఏసీని 20 నుంచి 26కు పెంచి రెండు రాత్రులు చూడండి. గోడ ఆరితే ఆ ఖర్చు తప్పినట్టే. ఏసీ పైపులకు చుట్టిన నల్ల ఫోము చిరిగి ఉన్నా అక్కడినుంచి బొట్లు పడతాయి, రేకును తిట్టేముందు దాన్నీ చూడండి.

పని కుదిరిందని ఎలా తెలుస్తుంది

మబ్బు లేని చలి రాత్రి పరీక్షించాలి. మబ్బు పట్టిన రాత్రి రేకు ఎలాగూ అంత చల్లబడదు, ఆ రోజు బొట్లు పడలేదని సంబరపడొద్దు. పడుకునేటప్పుడు మీటరు 65 లోపు ఉండాలి, తెల్లారి 75 దాటకూడదు. పేపర్ల మీద చుక్కలు పాత మ్యాపుతో పోల్చండి. ఫోము వేసినవాళ్లు తెల్లారి ఐదింటికి టార్చి వేసి ఫాయిల్‌ను అరచేత్తో తడిమి చూడండి, పొడిగా ఉండాలి. అతుకు దగ్గర మాత్రమే తడి తగిలితే అక్కడ టేపు లేచింది. ఫోము మధ్యలో ఎక్కడైనా పొట్టలా కిందికి దిగి బరువుగా ఉంటే లోపల నీరు చేరింది. ఆ పక్క టేపు విప్పి నీరు దింపి, ఆరాక, ఆవిరి ఎక్కడినుంచి దూరుతోందో వెతికి మళ్లీ మూయండి.

కొత్తగా వసారా వేయించబోయేవాళ్లు షెడ్డు మేస్త్రీకి ముందే చెప్పాల్సినవి: ప్రతి పది అడుగులకు కనీసం రెండడుగుల వాలు, ఎత్తువైపు పక్కగోడల్లో జాలీలు, ఎగ్జాస్టుకు రంధ్రం, అంచు బయటకు అరడుగు, రేకు వేసేటప్పుడే పైపుల మీద ఫోము పరచడం. రేకు బిగించకముందు ఫోము పరచడం గంటల పని. తర్వాత నిచ్చెన మీద మెడ ఎత్తి బిగించడం రెండు రోజుల కూలీ.